కారు తలుపు కీలు కిర్రుమంటోంది, తలుపు కూడా కిందికి దిగింది: గ్రీజు సరిపోతుందా, బుష్‌లు మార్చాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను పదమూడేళ్లుగా వాడుతున్న కారులో డ్రైవరు వైపు తలుపు తీసినా వేసినా కిర్రుమని గట్టిగా శబ్దం చేస్తోంది. కుట్టుమిషనుకు వేసే నూనె నాలుగు చుక్కలు పైకీలు మీద వేస్తే రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు మళ్లీ మొదలైంది. అంతకన్నా నన్ను ఎక్కువగా కలవరపెడుతున్న విషయం ఏమిటంటే, తలుపు వేసేటప్పుడు చివర్లో కొద్దిగా పైకెత్తి తోయవలసి వస్తోంది. అలా ఎత్తకపోతే లాక్ పడకుండా తలుపు వెనక్కి వచ్చేస్తోంది. ముందు తలుపు మీద ఉన్న గీత, వెనక తలుపు మీది గీతకంటే రెండు మిల్లీమీటర్లు కిందికి దిగినట్టు కంటికి తెలుస్తోంది. ఒక మెకానిక్‌కు చూపిస్తే, లాక్ పట్టుకునే కొక్కేన్ని కాస్త కిందికి జరిపితే సరిపోతుందన్నారు. అది సరైన పనేనా? కీలు అరిగిందో లేదో ఇంట్లోనే తేల్చుకునే మార్గం ఉంటే దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం

మీరు చెప్పిన శబ్దాన్నీ, తలుపు దిగడాన్నీ ముందు విడివిడిగా చూడండి, ఎందుకంటే రెండింటికీ కారణం ఒకటే అయి ఉండాలని లేదు.

తలుపును సగం వరకు తెరిచి, కీళ్లకు దూరంగా ఉన్న చివర కింది అంచును రెండు చేతులతో పట్టుకొని మెల్లగా పైకి ఎత్తి దించండి. ఆ సమయంలో ఇంకొకరిని కీళ్ల దగ్గర కూర్చోబెట్టి, వేళ్లు మధ్యలో పెట్టకుండా, కళ్లతో మాత్రమే గమనించమనండి. కీలులో ఒక రెక్క కారు స్తంభానికి (తలుపు వేలాడే నిలువు బాడీ భాగానికి), మరొక రెక్క తలుపుకు బిగించి ఉంటాయి. రెంటినీ కలిపే పిన్ను చుట్టూ మెత్తటి లోహంతో చేసిన చిన్న గొట్టంలాంటి బుష్ ఉంటుంది. తలుపు ఎత్తినప్పుడు రెక్కలు బిగించిన చోట కదలకుండా వాటి మధ్య పిన్ను దగ్గర మాత్రమే అటూ ఇటూ ఆడితే అరిగింది బుష్ అని అర్థం. రెక్క మొత్తం స్తంభం మీద కదిలితే బోల్టులు వదులయ్యాయన్నమాట, అప్పుడు బిగిస్తే సరిపోతుంది. ఈ రెండూ కాక స్తంభం రేకే వంగుతున్నట్టు కనిపిస్తే మాత్రం ఇంట్లో ముట్టుకోకండి, అది బాడీ పని చేసేవారికి అప్పగించవలసిన విషయం.

శబ్దం సంగతికి వస్తే, రెండు కీళ్ల మధ్య తలుపును ఒకటి రెండు చోట్ల ఆపి ఉంచే పట్టీ ఒకటి ఉంటుంది. తలుపు కదిలినంతసేపూ కిర్రుమంటే అనుమానించవలసింది కీళ్లను. ఆగే చోట్లకు వచ్చినప్పుడు మాత్రమే శబ్దం వస్తే ఈ పట్టీని. కుట్టుమిషను నూనె చాలా పలచన కనుక త్వరగా జారిపోతుంది, మిగిలిన తడికి దుమ్ము అంటుకుని సానపట్టే ముద్దలా తయారై బుష్‌ను ఇంకా అరగదీస్తుంది. అందుకని ముందు రంగు మీదా రబ్బరు మీదా పడకుండా గుడ్డ అడ్డం పెట్టి, జిడ్డు తీసే ద్రావకంతో పాత మురికిని కడగండి. ఆరిన తరువాత పిన్ను బుష్‌లోకి దిగే చోట తెల్ల లిథియం గ్రీజు స్ప్రే చేసి తలుపును పదిహేను ఇరవై సార్లు ఆడించండి. నల్లటి మడ్డి బయటికి వస్తుంది. దాన్ని తుడిచి, శుభ్రమైన గ్రీజు కనిపించేవరకు మళ్లీ అదే చేయండి.

రెండవ సమాధానం

పై పరీక్షలో పిన్ను ఆడుతున్నట్టు తేలితే గ్రీజు శబ్దాన్ని ఆపుతుందే గానీ తలుపును పైకి లేపదు. నా కారుకు పోయిన ఏడాది బుష్‌లు నేనే మార్చుకున్నాను కాబట్టి ఆ అనుభవం చెబుతున్నాను. తలుపు బరువు పైకీలును బయటికి లాగుతుంది, కిందికీలును లోపలికి నొక్కుతుంది. అందువల్ల బుష్ చుట్టూ సమానంగా కాకుండా ఒక పక్కనే అరుగుతుంది. నేను బయటికి తీసిన బుష్ ఒకవైపు కొత్తదానిలా మందంగా ఉండగా, మరోవైపు కాగితమంత పలచబడి అంచు చిరిగిపోయి ఉంది. పిన్ను మీద గోరు పెట్టి లాగితే మెట్టులా తగిలింది, అందుకే దాన్ని కూడా మార్చాను.

మొదటి ప్రయత్నంలో తలుపు కింద స్టూలు ఒక్కటే పెట్టి పిన్ను కొట్టాను. తలుపు అరంగుళం జారి ముందు ఫెండరు అంచున రంగు లేచిపోయింది. మీరు ఆ పొరపాటు చేయకండి. జాకీ మీద చెక్క ముక్క, దాని మీద మందపాటి గుడ్డ వేసి తలుపు బరువు పూర్తిగా దానిమీద ఆనేలా పెట్టండి, పక్కన ఒక మనిషిని పట్టుకోమనండి. బ్యాటరీ వైరు తీసి, ఆపే పట్టీ బోల్టు విప్పి, తలుపులోకి వెళ్లే వైర్లు లాగబడకుండా చూసుకొని, ఒక కీలు పూర్తయ్యాకే రెండో దాన్ని ముట్టుకోండి. పిన్ను తుప్పుతో బిగుసుకుపోతే చొచ్చుకుపోయే నూనె ముందురోజు రాత్రే వేసి ఉంచడం మంచిది. కొన్ని కార్లకు బుష్ విడిగా దొరకదు, కీలు మొత్తం మార్చవలసిందే. అది బోల్టులతో బిగించిన రకమైతే, విప్పేముందు రెక్క చుట్టూ మార్కరుతో గీత గీసుకుంటే తిరిగి అదే చోట కూర్చుంటుంది.

మూడవ సమాధానం

మెకానిక్ చెప్పిన కొక్కెం విషయం గురించి మాత్రమే రాస్తున్నాను. కీలు బాగుచేయకుండా కొక్కెం జరపవద్దని నా గట్టి అభిప్రాయం. ప్రమాదం జరిగినప్పుడు తలుపు తెరుచుకోకుండా ఆపేవి కీళ్లూ, లాక్, కొక్కెమూ మాత్రమే. కొక్కెం దించితే తలుపు ఈరోజు తేలిగ్గానే పడుతుంది, కానీ అరుగుదల లోపల అలాగే సాగుతుంది, చుట్టూ ఉన్న రబ్బరు సరిగా కూర్చోక గాలి శబ్దమూ వాన నీరూ లోపలికి వస్తాయి. ఒకసారి ఆ కొక్కెం పైభాగాన్ని చూడండి; అక్కడ లోహం మెరిసేలా గీరుకుపోయి ఉంటే, కిందికి దిగిన తలుపును ప్రతిసారీ అదే ఎత్తి పట్టుకుంటోందని తెలుస్తుంది. కీళ్ల పని అయ్యాక కూడా లాక్ సరిగా పడకపోతే అప్పుడు దాన్ని సర్దండి.

ప్రశ్న అడిగినవారు

మీ ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. తలుపు ఎత్తి చూస్తే పైకీలులో పిన్ను స్పష్టంగా ఆడింది, కిందిది గట్టిగానే ఉంది, కొక్కెం పైన మెరుపు కూడా మీరు చెప్పినట్టే కనిపించింది. మా తమ్ముడు తలుపు పట్టుకోగా జాకీ పెట్టి రెండు కీళ్లకూ కొత్త పిన్నులు, బుష్‌లు వేశాను. పైపిన్ను బయటికి రావడానికే గంట పట్టింది. తలుపు గీతలు రెండూ ఇప్పుడు ఒకే వరసలో ఉన్నాయి. అయితే సగం తెరిచిన చోట చిన్న కిర్రు మిగిలింది, అది ఆపే పట్టీ దగ్గరిదని తేలింది. అక్కడ కూడా శుభ్రం చేసి గ్రీజు రాశాక అదీ పోయింది. కొక్కేన్ని అసలు ముట్టుకోలేదు, అయినా తలుపు ఎత్తకుండానే, మెల్లగా తోస్తే చాలు, లాక్ పడుతోంది.