కీమోలో ఉన్న స్నేహితురాలిని బారసాలకు పిలవకపోవడం తప్పా?

పాపాయి_అమ్మ:
నాకు మూడో నెల పాప. నా స్నేహితురాలికి రొమ్ము క్యాన్సర్, కీమో నడుస్తోంది. ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ, ఆ తర్వాత కోఠి ఉమెన్స్ కాలేజీలో కూడా కలిసే చదివాం. ఇప్పుడు తనుండేది దిల్‌సుఖ్‌నగర్, నేను నిజాంపేట. నాకు ఎనిమిదో నెల నడుస్తుండగా తనకు గడ్డ బయటపడింది.

పాప పుట్టిన ఇరవై ఒకటో రోజు బారసాల చేశాం. తనను పిలవలేదు. అప్పటికి డోసు పడి వారం దాటింది, తెల్లకణాలు బాగా పడిపోయే సమయం. మా ఇంట్లో ఆ రోజు ఇసకేస్తే రాలనంత జనం. ఎవరికి దగ్గుందో, ఎవరికి జలుబుందో ఎవరు చూడొచ్చారు? తనకు జ్వరం వస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరో ఆ ఫొటోలు స్కూల్ గ్రూపులో పెట్టేశారు. తను "పేరు బాగుంది" అని ఒక్క ముక్క పంపింది. ఆ తర్వాత నా ఫోన్ ఎత్తడం లేదు. మిగతా స్నేహితురాళ్లంతా నన్నే తప్పు పడుతున్నారు. తన మంచి కోరి చేసినదాంట్లో తప్పేముంది?

అల్లంచాయ్:
ఏ తప్పూ లేదు. ప్రాణం కంటే ఫంక్షన్ ఎక్కువ కాదు.

ఎర్రమందు_తర్వాత:
నేను ఇదే జబ్బు దాటి వచ్చినదాన్ని. ఎర్ర మందు ఎక్కించిన రోజు మూత్రం కూడా ఎర్రగా రావడం చూసి భయపడినదాన్ని. కాబట్టి తెల్లకణాల కౌంటు గురించి నాకు కొత్తగా చెప్పక్కర్లేదు. పిలిస్తే రావాలా వద్దా అన్నది ఆమె, ఆమె డాక్టరు చూసుకుంటారు. "ఈసారికి రాలేనే, ఏమీ అనుకోకు" అని ఆమే అని ఉండేది. ఆ మాట అనే అవకాశం కూడా మీరు ఇవ్వలేదు. పిలవలేదు, సరే. బారసాల చేస్తున్నామని కనీసం చెప్పారా?

పాపాయి_అమ్మ:
చెబితే వచ్చేస్తుంది అక్కా. తన సంగతి నాకు తెలుసు. మాస్కు పెట్టుకుని మెట్రో ఎక్కేస్తుంది.

నల్లకుంట_నివాసి:
ఆమె ఆరోగ్యం సంగతి అలా ఉంచండి, పాప సంగతో? మా పిన్నికి క్యాన్సర్ వచ్చినప్పుడు ఒంట్లో రేడియేషన్ ఉంటుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దని ఆసుపత్రిలోనే చెప్పారు. పసిపిల్ల ఉన్న ఇంటికి రాకపోవడమే మంచిది.

పిల్లల_వార్డు_సిస్టర్:
అన్నీ కలగలిపేస్తున్నారు. మీ పిన్నిగారికి థైరాయిడ్‌కు రేడియో అయోడిన్ ఇచ్చి ఉంటారు. అది మింగే మందు. కొన్ని రోజులు ఒంట్లోంచి రేడియేషన్ వస్తుంది కాబట్టి గర్భిణులను, పిల్లలను దూరంగా ఉంచమంటారు. రొమ్ము క్యాన్సర్‌కు బయటి నుంచి మెషిన్‌తో ఇచ్చే రేడియేషన్ అలా ఒంట్లో మిగలదు. కీమో మందు రెండు మూడు రోజుల పాటు మూత్రంలో, వాంతుల్లో పోతుంది. ఆ రోజుల్లో బాత్రూం దగ్గర జాగ్రత్త కావాలి. బిడ్డను ఎత్తుకుంటే అంటుకునేదేం కాదు.

నిజానికి జాగ్రత్త ఆమెకే కావాలి. పుట్టగానే వేసే పోలియో చుక్కలు, ఆ తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పోలియో, రోటా చుక్కలు బతికున్న బలహీన వైరస్‌తో చేసినవి. అది పిల్లల మలంలో కొన్నాళ్లు పోతుంటుంది. కీమోలో ఉన్నవాళ్లు డైపర్ మార్చకూడదు, ఎత్తుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. మామూలుగా డోసు పడ్డాక ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య కౌంటు అడుక్కి పోతుంది, తర్వాతి డోసు నాటికి మళ్లీ లేస్తుంది. ఆమె డాక్టర్ని అడిగి ఆ డోసుకు ముందు రోజుల్లో కలవొచ్చు. జ్వరం 100.4 దాటితే మాత్రం అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఇంకో మాట. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిలోఫర్ పిల్లల ఆసుపత్రి ఒకే పేటలో ఉన్నాయి. ఒక చేత్తో కీమో ఫైలు, ఇంకో చేత్తో చంటిబిడ్డ ఉన్న మనుషులు ఆ దారిలో ఎందరో. ఒకే ఇంట్లో రెండూ ఉంటాయి. వాళ్లంతా బిడ్డల్ని ఎక్కడ పెట్టొస్తారు?

వనస్థలిపురం_వదిన:
చూశారా, సిస్టర్ గారే చెప్పారు. సరిగ్గా కౌంటు పడిపోయిన రోజుల్లోనే బారసాల వచ్చింది. పైగా పాపకు చుక్కలు పడి ఉన్నాయి. పిలవకపోవడమే కరెక్ట్.

ఎర్రమందు_తర్వాత:
బారసాలకు వచ్చినవాళ్ల చేత డైపర్లు ఎవరు మార్పిస్తారండీ? నేను అడిగింది చెప్పారా లేదా అని.

వనస్థలిపురం_వదిన:
ఒళ్లో పెట్టుకున్న పసిపిల్ల ఎప్పుడు ఏం చేస్తుందో మీకేం తెలుసు? చీర తడిస్తే వైరస్ అంటదా?

పిల్లల_వార్డు_సిస్టర్:
మూత్రం కాదు, మలం గురించి చెప్పాను. చేతులు కడుక్కుంటే చాలని కూడా చెప్పాను.

వనస్థలిపురం_వదిన:
ఆ చిన్న జాగ్రత్త తప్పితే? అందరూ రోగి వైపు నుంచే మాట్లాడుతున్నారు. బాలింత ఒళ్లు కూడా పచ్చిగానే ఉంటుందని ఒక్కరికీ గుర్తు రాదు. నాకు సిజేరియన్ అయింది. పాలు గడ్డకట్టి 102 జ్వరం, చెయ్యి పైకెత్తితే కళ్లలో నీళ్లు. సరిగ్గా అప్పుడే నా స్నేహితురాలికి డయాలసిస్ మొదలైంది. నేను రోజూ ఫోన్ చేయలేదని ఇప్పటికీ ఎత్తి పొడుస్తుంది. తన మంచం పక్కన అమ్మ, భర్త, మరిది. నా పక్కన ఎవరున్నారు? నువ్వెలా ఉన్నావే అని ఒక్కసారైనా అడిగిందా? జబ్బు పడితే ఎదుటివాళ్ల కష్టం కష్టం కాకుండా పోతుందా?

అల్లంచాయ్:
వదినగారూ, ఇది వేరే టాపిక్.

ఎర్రమందు_తర్వాత:
వేరే ఏం కాదు, ఆవిడ తన లెక్క ఇక్కడ తేల్చుకుంటున్నారు. నా లెక్క కూడా రాస్తాను. నాకు గుండు అయిన ఏడాది మా కాలనీలో వరలక్ష్మీ వ్రతానికి అందరి ఇళ్లకూ బొట్టు పెట్టి వెళ్లారు, మా గుమ్మం దాటుకుని పోయారు. "నీరసంగా ఉంటావని పిలవలేదు" అన్నారు. బతుకమ్మకూ అదే మాట. కింద పాటలు వినపడుతుంటే నేను కిటికీ మూసుకుని కూర్చున్నాను. ఆ "నీరసం" వెనక ఏముందో నాకు తెలుసు. పాపాయి_అమ్మ గారూ, నేరుగా చెప్పండి. గుండుతో ఉన్న మనిషి ఉయ్యాల దగ్గరికి వస్తే బాగుండదని మీ ఇంట్లో ఎవరూ అనలేదా?

పాపాయి_అమ్మ:
మధ్యలో మా అత్తగారిని ఎందుకు లాగుతారు?

ఎర్రమందు_తర్వాత:
అత్తగారని నేను అనలేదు.

పాపాయి_అమ్మ:
నాకు అమ్మ లేదు. పురుడు పోసింది మా అత్తగారే. తెల్లవారుజామునే లేచి నాకు నీళ్లు పోయడం, పాపకు సాంబ్రాణి పొగ వేయడం, పథ్యం వండి పెట్టడం అన్నీ ఆవిడే చేశారు. "ఆ పిల్లను తర్వాత ఓ రోజు పిలుద్దాంలే" అన్నారు. అంతే. కుట్లు కూడా మానని నేను ఆవిడతో గొడవ పడాలా?

ఎర్రమందు_తర్వాత:
అంటే దిష్టి అన్నారు, మీరు కౌంటు అని పేరు పెట్టుకున్నారు.

వనస్థలిపురం_వదిన:
మీకు సిగ్గుండాలి. మూడు నెలల బాలింతను బోనులో నిలబెట్టినట్టు ప్రశ్నలేస్తున్నారు. మీకు జరిగిన అవమానానికి ఈ పిల్ల మీద కసి తీర్చుకుంటున్నారు.

నిర్వాహకులు:
వ్యక్తిగత మాటలు వద్దు. ఇంకోసారి జరిగితే చర్చ మూసేస్తాం.

పాపాయి_అమ్మ:
మూయకండి, నేను చెప్పాల్సింది ఉంది.

దిష్టి కాదు. ఒట్టు. మేమిద్దరం పిల్లల కోసం ఒకే క్లినిక్‌కు తిరిగాం. తనకు సూదంటే చచ్చేంత భయం. పొట్ట మీద వేసే ఇంజెక్షన్లు నేనే పొడిచేదాన్ని, తను గట్టిగా కళ్లు మూసుకుని నా మోకాలు పట్టుకునేది. నాకు నిలిచింది. తనకు రెండుసార్లు పోయింది. ఆ తర్వాత ఈ గడ్డ. కీమోకు ముందే అండాలు తీసి ఫ్రీజ్ చేయించుకోవచ్చు అన్నారట. దానికి రెండు వారాలు పడుతుంది, డబ్బూ కావాలి. ఇంట్లోవాళ్లు ముందు మందు మొదలుపెట్టండి అన్నారు. తను అది నాకు ఫోన్లో చెబుతుంటే నా పొట్టలో పాప తన్నుతోంది. నేనేం మాట్లాడను?

ఆ రోజు నుంచి నా స్టేటస్‌లు తనకు కనపడకుండా పెట్టాను. శ్రీమంతం ఫొటోలు చూపించలేదు. పాప ఊ కొడుతోందని చెప్పలేదు. తన ముందు నా బిడ్డ పేరెత్తాలంటే నోరు రాదు. ఉయ్యాల పాట పాడుతున్నంతసేపూ తను నవ్వుతూ నిలబడి, తర్వాత ఆటోలో ఏడుస్తూ ఇంటికి వెళ్లడం నేను తట్టుకోలేను.

చంపాపేట_చెల్లె:
అయ్యో. ఇది ముందే చెప్పకపోతివా చెల్లె.

ఎర్రమందు_తర్వాత:
నాకు పిల్లలు లేరు. కీమోతో ముట్లు ఆగిపోయాయి, మళ్లీ రాలేదు. కాలేజీ రోజుల నుంచి నాకు ప్రాణమైన స్నేహితురాలు ఒకామె ఉండేది. ఆమె కూడా మీలాగే నన్ను బాధపెట్టకూడదని కడుపుతో ఉన్న సంగతే దాచింది. పిల్లాడు బడికి వెళ్లే వయసు వచ్చాక ఒకసారి సుల్తాన్‌బజార్‌లో ఎదురుపడ్డాం. నన్ను చూడగానే వాడి భుజం పట్టి తన వెనక్కి లాక్కుంది. దిష్టికి కాదని నాకు తెలుసు. నన్ను నొప్పించకూడదనే. ఆ చెయ్యి వాడి భుజం మీద పడిన తీరు ఇంకా నా కళ్ల ముందే ఉంది.

బారసాలకు పిలిస్తే నేను ఏడ్చేదాన్నా? ఏడ్చేదాన్నే. ఆ ఏడుపు నాది. తన ఏడుపు చూడటం మీకు కష్టం, అందుకని మనిషినే చూడటం మానేశారు. తనకేం పోయిందో లెక్క వేయండి. రొమ్ము పోతుంది, జుట్టు పోయింది, పిల్లల ఆశ పోయింది. ఇప్పుడు మీరు కూడా.

వనస్థలిపురం_వదిన:
నేను ఇంతవరకు ఎక్కడా చెప్పనిది రాస్తున్నాను. ఇప్పుడున్న బాబు కంటే ముందు నాకు ఏడో నెలలో బిడ్డ పోయింది. పదిహేను రోజులు తిరగకముందే మా తోడికోడలి బిడ్డను తెచ్చి నా ఒళ్లో పెట్టారు. "చూసుకుని మనసు కుదుట పరుచుకో" అన్నారు. నాకు పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. అందరి ముందూ. సంతోషాన్ని తెచ్చి ఒళ్లో పెట్టడం కూడా హింసేనండీ. నాకు ఎవరైనా దాచి ఉంటే వాళ్ల కాళ్లకు దండం పెట్టేదాన్ని. పాపాయి_అమ్మ చేసింది దయ. నేను ఆ మాట మార్చుకోను.

ఎర్రమందు_తర్వాత:
మీకు జరిగింది ఘోరం. మిమ్మల్ని అడగకుండా ఒళ్లో పెట్టారు. ఈమె దగ్గర అడగకుండా దాచారు. నేను తప్పు పట్టేది ఆ అడగకపోవడాన్నే.

వనస్థలిపురం_వదిన:
ఎలా అడుగుతారు? "నా బిడ్డను చూస్తే నీకు ఏడుపొస్తుందా" అని అడగాలా? దాచింది రేపైనా చూపించొచ్చు. ఒళ్లో పెట్టింది వెనక్కి తీసుకోలేం.

ఎర్రమందు_తర్వాత:
రేపు ఉంటుందని మీకెవరు చెప్పారు? నాతోపాటు పక్క కుర్చీలో మందు ఎక్కించుకున్నామె తన చెల్లెలి కొడుకు అన్నప్రాసన దాకా ఉంటానంది. ఉండలేదు.

చంపాపేట_చెల్లె:
మీరిద్దరు ఇక్కడ కొట్లాడితే ఏమొస్తది. ఆమెనే అడుగు చెల్లె.

పాపాయి_అమ్మ:
రెండు రోజులుగా రాలేదు, క్షమించండి. పైన క్లినిక్ గురించి, స్టేటస్ గురించి రాసిందంతా యథాతథంగా తనకే పంపాను. ఇంకేం కలపలేదు. రాత్రి పాపకు పాలిస్తుండగా తనే ఫోన్ చేసింది.

స్టేటస్ దాచానని తనకు మొదటి రోజే తెలుసట. వాళ్లాయన ఫోన్లోంచి అన్నీ చూస్తూనే ఉందట. పాప ఎడమ చెవి వెనక చిన్న పుట్టుమచ్చ ఉంది, మా ఆడపడుచుకే తెలియదు. తను దాని గురించి అడిగింది. "చూస్తున్నానని నీకు చెబితే అవి కూడా తీసేస్తావని చెప్పలేదు" అంది. తర్వాత చాలాసేపు నన్ను తిట్టింది. స్కూల్లో ఉన్నప్పటి పేరుతో పిలిచి మరీ తిట్టింది. పాపను ఇప్పుడే చూడటానికి రానంది. వీడియో కాల్ కూడా వద్దంది. "నువ్వు నిద్రపోతున్నావా, తింటున్నావా, అది చెప్పు ముందు" అంది.

వనస్థలిపురం_వదిన:
చూశారా. రానంది, వీడియో వద్దంది. నేను చెప్పింది ఇదే.

ఎర్రమందు_తర్వాత:
పుట్టుమచ్చ దాకా చూసింది. అది చదవలేదా మీరు?

నల్లకుంట_నివాసి:
అత్తగారికి చెప్పారా ఈ సంగతి?

పాపాయి_అమ్మ:
చెప్పాను. ఏమీ అనలేదు. తర్వాతి డోసుకు ముందు శనివారం నేనొక్కదాన్నే దిల్‌సుఖ్‌నగర్ వెళ్తున్నాను. పాపను ఆవిడే చూసుకుంటానన్నారు. పాలు పిండి పెట్టి వెళ్తాను.

పిల్లల_వార్డు_సిస్టర్:
పిండిన పాలు బయట పెట్టొద్దు, ఈ ఎండలకు అసలు పెట్టొద్దు. ఫ్రిజ్‌లో లోపలి అరలో పెట్టండి, నాలుగు రోజుల దాకా ఉంటాయి. తలుపు అరలో పెట్టకండి. మీకు గొంతు నొప్పి, జలుబు ఏమాత్రం ఉన్నా ఆ రోజు వెళ్లకండి.

ఎర్రమందు_తర్వాత:
తినడానికి ఏమైనా తీసుకెళ్తే కారం లేకుండా, మెత్తగా, అప్పుడే వండినది తీసుకెళ్లండి. నోట్లో పుండ్లు ఉంటే చల్లారిన ఇడ్లీ కూడా గుచ్చుకుంటుంది.

వనస్థలిపురం_వదిన:
జాగ్రత్తగా వెళ్లిరా అమ్మా. తను అడిగితే తప్ప పాప మాట ఎత్తకు.

ఎర్రమందు_తర్వాత:
ఎత్తండి.