అమెరికా ఆర్మీలో తప్పు బయటపెట్టినవాడికి ఏమవుతుంది? చెల్లె కొడుకు చేరతానంటున్నాడు

ప్రశ్న (నల్లగొండ నుంచి)

మా చెల్లె వాళ్లు టెక్సాస్‌లో ఉంటారు. కొడుకు అక్కడే పుట్టాడు. చదువు ఖర్చు సర్కారే భరిస్తుందని ఆర్మీలో చేరతానంటున్నాడు. మా చెల్లెకు ప్రాణభయం. నా టెన్షన్ వేరు. పై ఆఫీసర్ చేయరాని పని చేయమంటే వీడేం చేయాలి? చేస్తే శిక్ష వీడికా, చెప్పినవాడికా? కాదని బయటపెడితే వీణ్ని బతకనిస్తారా? ఆదివారం వాడితో వీడియో కాల్ ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1 (దేవరకొండ)

అక్కా, నేను మన ఫౌజులో చేసి రిటైరైనవాణ్ని. వాడికి హ్యూ థాంప్సన్ గురించి చెప్పండి. 1968 మార్చి 16న వియత్నాంలోని మైలాయ్‌లో అమెరికా సైనికులు ఆడవాళ్లని, పసిపిల్లలని చూడకుండా చంపేశారు. వియత్నాం లెక్కలో 504 మంది, అమెరికా ఆర్మీ లెక్కలో 347. థాంప్సన్ హెలికాప్టర్ పైలట్. పైనుంచి చూసి, ఊరివాళ్లకూ తన సైనికులకూ మధ్యలో హెలికాప్టర్ దించాడు. మనవాళ్లు వీళ్ల మీద కాల్పులు జరిపితే మనవాళ్లనే కాల్చండని తన సిబ్బందికి చెప్పాడు. అక్కడ కొందరిని బతికించాడు. యూనిఫాం వేసుకున్నవాడికి అది ఎంత కష్టమో నాకు తెలుసు. ఆయన పేరు చెబితే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

శిక్ష? లెఫ్టినెంట్ విలియం కాలీ ఒక్కడికే పడింది. యావజ్జీవమన్నారు, ఎక్కువ భాగం గృహనిర్బంధంలోనే గడిపి మూడున్నరేళ్లలో బయటికొచ్చాడు. అతని పైనున్న కెప్టెన్ మెడీనా నిర్దోషి అన్నారు. థాంప్సన్‌కు ఏళ్ల తరబడి బెదిరింపులు, 1998లో మెడల్.

జవాబు 2 (మహబూబ్‌నగర్, లా చెబుతాను)

పైవాళ్లకు శిక్ష పడకపోవడానికి కారణం ఒకటుంది మేడమ్. కేసు పెట్టాలా వద్దా అన్నది చాలాకాలం కమాండర్ చేతిలోనే ఉండేది. తన యూనిట్ పరువు పోయే కేసును తనే ఎట్లా నడుపుతాడు? 2023 డిసెంబర్ నుంచి హత్య, లైంగిక దాడి లాంటి నేరాలను కమాండర్‌తో సంబంధం లేని ప్రత్యేక ప్రాసిక్యూటర్లకు ఇచ్చారు. మంచి మార్పే, కానీ చాలా ఆలస్యం.

కాబూల్ చూడండి. 2021 ఆగస్టు 29న అమెరికా డ్రోన్ దాడిలో పదిమంది మామూలు మనుషులు పోయారు, అందులో ఏడుగురు పిల్లలు. మొదట ఉగ్రవాదిని కొట్టామన్నారు. సెప్టెంబర్‌లో పొరపాటని ఒప్పుకున్నారు. డిసెంబర్‌లో ఎవరి మీదా చర్య లేదని తేల్చేశారు. ఏడుగురు పిల్లలు పోతే ఒక్కరూ బాధ్యులు కాకపోవడం నేను ఒప్పుకోలేను.

ప్రశ్న అడిగినవారు

మరి బయటపెట్టినవాళ్లకు రక్షణ లేదా?

జవాబు 2

చట్టం ఉంది. ఇన్‌స్పెక్టర్ జనరల్‌కో (ఆర్మీలోని తప్పులపై విచారణ చేసే అధికారి), అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ సభ్యులకో ఫిర్యాదు చేసిన సైనికుడి మీద కక్ష సాధించకూడదు. కానీ ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైలులో అమెరికా సైనికులు ఖైదీలను హింసించిన ఫొటోలను అధికారులకు అందించిన జో డార్బీ పేరును 2004లో రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డే అందరి ముందు చెప్పేశారు. ఆ తర్వాత అతను సొంతూరికి తిరిగి వెళ్లి ఉండలేకపోయాడు. శిక్షలు పడింది ఎక్కువగా కింది సిపాయిలకే. ఆ జైలు బాధ్యత చూసిన బ్రిగేడియర్ జనరల్ కర్పిన్‌స్కీకి ర్యాంకు తగ్గించారు, జైలు లేదు.

జవాబు 1

అక్కా, ఒక మాట వాడికి గట్టిగా చెప్పండి. కళ్లకు కనబడేంత అక్రమమైన ఆర్డర్‌ను కాదనాల్సిందే. పైవాడు చెప్పాడు కాబట్టి చేశానన్న కాలీ వాదనను కోర్టు ఒప్పుకోలేదు. సంతకం పెట్టేముందు కాంట్రాక్ట్ మొత్తం చదవమనండి. నాలుగేళ్లే అని రిక్రూటర్ చెప్పినా, రిజర్వుతో (అవసరమైతే మళ్లీ పిలిచే దళం) కలిపి మామూలుగా ఎనిమిదేళ్ల బాధ్యత ఉంటుంది. కాల్‌లో నన్ను కూడా కలపమంటే కలుస్తాను.