పాడుతూ గిటార్ వాయిస్తే గొంతు డొల్లగా వస్తోంది, మైకులు ఎలా పెట్టాలి?

సొంత పాటల రాక్ ఆల్బమ్. గాయకుడు అకూస్టిక్ గిటార్ వాయిస్తూ పాడిన టేకే పునాది. డ్రమ్స్, బేస్ దాని మీదే ఎక్కుతాయి. క్లిక్ (తాళం చూపే టిక్ టిక్ శబ్దం) లేదు. విడివిడిగా రికార్డ్ చేస్తే పట్టు పోతోంది, దయచేసి ఆ సలహా వద్దు.

గది 10×12 అడుగులు, గోడలకు దుప్పట్లు. రెండు మైకులూ కార్డియాయిడ్ (ప్రధానంగా ముందువైపు శబ్దాన్నే పట్టే) కండెన్సర్లే: ఒకటి నోటికి 15 సెం.మీ.లో, ఇంకోటి గిటార్ మెడ మీది 12వ ఫ్రెట్‌కు (పట్టీకి) 20 సెం.మీ.లో. ఏ ట్రాక్ కా ట్రాక్ బాగానే ఉంది. కలిపితే 380 హెర్ట్జ్ దగ్గర గొంతులో గొయ్యి. గొంతు తన మైక్‌కి కంటే గిటార్ మైక్‌కి 45 సెం.మీ. ఎక్కువ దూరం వెళ్తోంది, అంటే 1.3 మిల్లీసెకన్ల ఆలస్యం; 380 హెర్ట్జ్‌కి అది సరిగ్గా సగం తరంగం, అందుకే రెండూ రద్దవుతున్నాయి, లెక్క సరిపోయింది.

ఒక ట్రాక్ పోలారిటీ తిప్పితే (తరంగాన్ని తలకిందులు చేస్తే) గొయ్యి 760కి జరిగింది, కింది స్వరాలూ పల్చబడ్డాయి. గిటార్ ట్రాక్‌ని 63 శాంపిళ్లు (48 కిలోహెర్ట్జ్‌లో, అంటే అదే 1.3 మిల్లీసెకన్లు) ముందే వినిపించేలా జరిపితే గొంతు కుదిరింది, కానీ గొంతు మైక్‌లోకి కారే గిటార్ ఇంకా చెడింది. గిటార్‌కి ఫిగర్-8 మైక్ (ముందూ వెనకా వినేది, పక్కల వినపడనిది) పెట్టి, దాని చెవిటి పక్కని నోటివైపు తిప్పాను: కారడం బాగా తగ్గింది, అయితే 20 సెం.మీ.లో కింది స్వరాలు ఉబ్బుతున్నాయి, 40కి జరిపితే గది మోత.

గొంతుకీ ఫిగర్-8 అద్దెకు తెచ్చే ముందు అడుగుతున్నా: ఇంత చిన్న గదిలో రెండు ఫిగర్-8లు వాడినవారు ఏ దూరంలో, ఏ కోణంలో పెట్టారు?