హేలో మొదటి భాగం: కంట్రోలర్‌తో గురి కుదరట్లేదు, లైబ్రరీ లెవెల్ దాటలేకపోతున్నాం

కూర్మన్నపాలెం_బిషిఫ్ట్:
అందరికీ నమస్తే. నాది స్టీల్ ప్లాంట్‌లో పని. బి షిఫ్ట్ దిగి ఇంటికొచ్చి అన్నం తినేసరికి పదకొండు దాటుతుంది. ఆ తర్వాత నేనూ మా తమ్ముడూ కూర్చుని, హేలో షూటింగ్ ఆటల భాగాల్ని ఒకచోట కలిపిన హేలో మాస్టర్ చీఫ్ కలెక్షన్‌లో మొదటి భాగం ఆడుతున్నాం. సెకండ్ హ్యాండ్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, హాల్లో 43 అంగుళాల టీవీ, స్క్రీన్ సగం వాడికి, సగం నాకు. కష్టం స్థాయి హీరోయిక్‌లో పెట్టుకున్నాం.

ఇద్దరం గాజువాక నెట్ సెంటర్లలో మౌస్ పట్టుకుని పెరిగినవాళ్లమే. కంట్రోలర్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి మాట వినట్లేదు. ఎలైట్ అనే శత్రువు గాడి తల మీద గురి పెడదామంటే తెర మధ్యలో ఉండే గురి గుర్తు అటు దాటిపోతుంది, వెనక్కి తెస్తే ఇటు దాటిపోతుంది. ఈలోగా వాడి ఒంటి చుట్టూ ఉండే రక్షణ కవచం, అదే షీల్డ్, మళ్లీ నిండిపోతోంది. తమ్ముడికి ఓ అరగంట ఆడేసరికి కళ్లు తిరుగుతున్నాయి. ఎలాగోలా లైబ్రరీ దాకా వచ్చాం గానీ అక్కడ ఫ్లడ్ అనే పరాన్నజీవులు మందలు మందలుగా మీదపడుతుంటే ముందుకు పోలేకపోతున్నాం. ఆట మాత్రం వదలబుద్ధి కావట్లేదు. ఆట జరిగే ఆ పెద్ద రింగు ఆకాశంలోకి వంపు తిరిగి పైకి లేచి కనిపించే తీరు చూస్తే ప్రాణం లేచొస్తుంది. కాస్త దారి చెప్పండి.

సీతమ్మధార_స్పార్టన్:
తమ్ముడూ, ముందు టీవీ సంగతి చూడు. సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చెయ్యి. మామూలు మోడ్‌లో టీవీ బొమ్మకి మెరుగులు దిద్దుకుంటూ కూర్చుంటుంది, ఆ ఆలస్యం నేరుగా నీ బొటనవేలికి తగులుతుంది. స్టిక్ వదిలేశాక కూడా గుర్తు ఇంకా జరుగుతున్నట్టుంటే చాలావరకు టీవీ వల్లే.

ఇక గురి. మౌస్ అలవాటున్నవాళ్లు కుడి స్టిక్‌తోనే గుర్తుని తల మీదికి లాక్కెళ్లాలని చూస్తారు. నువ్వు చేస్తున్నదీ అదే. కుడి స్టిక్‌తో సుమారుగా అటు తిరిగి, గుర్తుని తల ఎత్తుకి తెచ్చి అక్కడితో ఆపెయ్. మిగిలిన ఆ కాస్త దూరం ఎడమ స్టిక్‌తో, అంటే నడకతో సర్దుకో. పక్కకి రెండడుగులు వేస్తే గుర్తే శత్రువు మీదికొచ్చి కూర్చుంటుంది. తుపాకీ అందే దూరంలో ఉంటే గుర్తు ఎర్రబడుతుంది, అక్కడ ఆట నీ తిప్పుడు వేగాన్ని తనే తగ్గిస్తుంది. ఆ పట్టు వేలికి తెలుస్తుంది. తెలిసిన క్షణంలో ట్రిగ్గర్ నొక్కు. 2001 నవంబర్ 15న ఎక్స్‌బాక్స్‌తో పాటే ఈ ఆట వచ్చింది. బొటనవేళ్లతో ఆడేవాళ్ల కోసం దీన్ని తయారుచేసిన బంగీ వాళ్లు ఇంత శ్రద్ధగా చెక్కారు కాబట్టే ఇప్పటికీ చేతిలో ఇంత హాయిగా ఉంటుంది. ఎక్స్‌బాక్స్ 360 రోజుల నుంచి ఎన్నో షూటర్లు ఆడాను, ఈ పట్టు మీద నాకున్న ఇష్టం తగ్గలేదు.

ఎలైట్‌ని ఒక్క తుపాకీతో కొట్టకు. ప్లాస్మా పిస్టల్ ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే మూతి దగ్గర ఆకుపచ్చ ముద్ద వణుకుతూ ఉబ్బుతుంది. వదిలితే అది వాడి వెంటపడి వెళ్లి తగులుతుంది, షీల్డ్ మొత్తం పోతుంది. వెంటనే మన పిస్టల్‌తో జూమ్ చేసి తల మీద ఒక్క తూటా. మీరు ఇద్దరున్నారు, కాబట్టి ఒకరు ప్లాస్మా, ఒకరు పిస్టల్ పంచుకోండి. తుపాకీలు రెండే మోయనిస్తుంది కదా, ఇద్దరూ ఒకే జత పట్టుకోవద్దు. ఎలైట్ పడితే వాడి చుట్టూ ఉన్న గ్రంట్లు, అంటే పొట్టి సైనికులు, చేతులెత్తి పరుగు లంకించుకుంటారు, వాళ్లని తర్వాత చూసుకోవచ్చు. హంటర్లనే భారీ శత్రువులు జంటగా వస్తారు. వాళ్లని మీదికి రానిచ్చి పక్కకి తప్పుకుంటే వీపు మీద నారింజ రంగు చర్మం కనిపిస్తుంది. ఈ మొదటి భాగంలో అక్కడ పిస్టల్ తూటా ఒక్కటి చాలు.

లైబ్రరీలో షాట్‌గన్ వదలకు. అందులో 12 తూటాలు పడతాయి, ఒక్కొక్కటిగా ఎక్కుతాయి. అన్నీ ఎక్కేదాకా ఆగక్కర్లేదు, రెండు ఎక్కగానే ఆపి కాల్చొచ్చు. ఖాళీ దొరికిన ప్రతిసారీ నింపుకుంటూ ఉండు. రెండో చేతికి 60 తూటాల అసాల్ట్ రైఫిల్, చిన్న పురుగుల్లాంటివి గుంపుగా వస్తే దానితో ఊడ్చెయ్. స్నైపర్ ఫ్లడ్ మీద దండగ. ఉబ్బిన పొట్టలతో దొర్లుకుంటూ వచ్చేవాటిని దూరంలోనే పేల్చు, పక్కనున్నవీ పోతాయి. కింద పడ్డ ఫ్లడ్ కొన్ని మళ్లీ లేస్తాయి, దాటి వెళ్లేముందు ఒకసారి చూసుకో.

అన్నిటికంటే ముఖ్యం ఇది. మీలో ఒకరు చచ్చిపోతే రెండోవాడు వీరత్వం చూపించకూడదు, వెనక్కి పరిగెత్తాలి. చుట్టుపక్కల శత్రువు లేని చోట నిలబడితే పడ్డవాడు పక్కనే లేస్తాడు. తలుపు తెరుచుకునేదాకా ఇద్దరూ చెరో పక్క నిలబడి పోరాడుతున్నట్టున్నారు. అలా కాకుండా ఒకరు ముందు, ఒకరు పది అడుగులు వెనక ఉండండి.

భీమిలి_కెరటం:
కళ్లు తిరగడానికి చెప్తాను, నాకూ మొదట్లో అలాగే ఉండేది. వీడియో సెట్టింగ్స్‌లో ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే తెర మీద ఎంత వెడల్పు కనిపించాలో సర్దేది, అని ఉంటుంది, 2020 నవంబర్ అప్‌డేట్ నుంచి కన్సోల్లోనూ వచ్చింది. దాన్ని కొంచెం కొంచెంగా పెంచండి. సగం స్క్రీన్‌లో అంతా ముఖం మీదికొచ్చినట్టుండడం తగ్గుతుంది. గదిలో లైటు ఆర్పేసి ఆడకండి. కడుపులో తిప్పడం మొదలవగానే ఆపెయ్యమనండి, ఓర్చుకుంటే పోతుందిలే అని కూర్చుంటే ఇంకా ఎక్కువవుతుంది.

సెకండ్ హ్యాండ్ ఎక్స్‌బాక్స్ అన్నారు కాబట్టి కంట్రోలర్ గురించి ఇంకోటి. స్టిక్ ముట్టుకోకుండా వదిలేసి చూడండి, గుర్తు దానంతటదే జరుగుతుంటే అది డ్రిఫ్ట్. మన ఊళ్లో అందరూ ఉప్పు గాలి అనేస్తారు. ఉప్పు గాలికి స్క్రూలు తుప్పు పడతాయి నిజమే గానీ, డ్రిఫ్ట్ ఎక్కువగా లోపల రాసుకునే భాగం అరిగిపోవడం వల్ల వస్తుంది. ప్రస్తుతానికి డెడ్ జోన్, అంటే స్టిక్ కొంచెం కదిలినా ఆట పట్టించుకోని మేర, పెంచుకుంటే ఆడుకోవచ్చు. బాగా అరిగిపోతే డాబాగార్డెన్స్ వైపు రిపేర్ షాపులో స్టిక్ మార్పించుకోండి. అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ రకం దొరికితే అదే అడగండి, అందులో రాపిడి ఉండదు.

ద్వారకానగర్_డ్యూడ్:
ఇంత కష్టం ఎందుకు బ్రో, హేలో ఇన్ఫినిట్ పెట్టుకోండి. గ్రాఫిక్స్ అదిరిపోతాయి, గ్రాపుల్ హుక్‌తో ఎగురుతూ ఆడొచ్చు.

సీతమ్మధార_స్పార్టన్:
ఇన్ఫినిట్ మంచి ఆటే. కానీ కథ భాగాన్ని ఒకే టీవీ మీద స్క్రీన్ పంచుకుని ఆడే వీలు అందులో లేదు. ఇస్తామని 2022లో మానేశారు. అన్నదమ్ములిద్దరూ ఒక సోఫాలో కూర్చుని ఆడాలంటే ఈ కలెక్షనే సరైనది.

కూర్మన్నపాలెం_బిషిఫ్ట్:
అన్నా, గేమ్ మోడ్ పెట్టగానే తేడా తెలిసిపోయింది. నడకతో గురి పెట్టడం ఇంకా పూర్తిగా రాలేదు గానీ, గుర్తు ఎర్రబడినప్పుడు ఆ పట్టు నాకూ తెలుస్తోంది. నిన్న రాత్రి ముందూ వెనకా ఉండి ఆడితే లైబ్రరీలో మూడో అంతస్తు దాకా వెళ్లాం. గాలీ వానా వచ్చి కరెంటు పోయింది. మళ్లీ మొదటి నుంచేనా?

సీతమ్మధార_స్పార్టన్:
మిషన్ మొదలుపెట్టేటప్పుడు ర్యాలీ పాయింట్, అంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో, అడుగుతుంది, మధ్య నుంచి ఎంచుకో.  ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే టీవీనీ ఎక్స్‌బాక్స్‌నీ ఆ లైన్ మీదికి మార్చుకోండి, సిరీస్ ఎస్ పెద్దగా కరెంటు తాగదు. ఇది అయ్యాక రెండో భాగానికి వెళ్తారు కదా, అక్కడ మాత్రం అన్నిటికంటే కష్టమైన లెజెండరీ జోలికి వెళ్లొద్దు. ఇద్దరు ఆడేటప్పుడు ఒకరు పోయినా ఇద్దరినీ చెక్‌పాయింట్‌కి పంపేస్తుంది. హీరోయిక్‌తోనే మొదలుపెట్టండి.