పదేళ్ల ఆడీ టీటీ, మీటరు 48,000. ఇంకెన్నాళ్లొస్తుంది?

ఏడురోడ్ల_జంక్షన్:
నమస్కారమండీ. 2015 ఆడీ టీటీ 45 టీఎఫ్ఎస్ఐ క్వాట్రో (నాలుగు చక్రాలకీ శక్తి వెళ్లేది) ఒకటి అమ్మకానికొచ్చింది. 2.0 లీటర్ టర్బో పెట్రోల్, 6 స్పీడ్ ఎస్-ట్రానిక్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. సర్వీస్ పుస్తకం నిండుగానే ఉంది గానీ, చివరి మూడేళ్లలో తిరిగింది నాలుగు వేలే. నేను కొంటే బండి శ్రీకాకుళం టౌన్లోనే ఉంటుంది, ఏడాదికి 6,000 మించదు. బాగా చూసుకుంటే ఇంకో పదేళ్లు వస్తుందా? స్పోర్ట్స్ కారు లక్ష కిలోమీటర్లు దాటితే ఖాళీ అంటున్నారు, నిజమేనా?

గంటస్తంభం_విజయనగరం:
లక్షకి ఖాళీ అన్నది పాత మాటండీ. ఇందులో ఉన్నది ఈఏ888 మూడో తరం ఇంజన్. ఆయిల్ వేళకి పడుతుంటే రెండు, రెండున్నర లక్షలు సులువుగా లాగుద్ది. మీ లెక్కన పదేళ్లకి మీటరు లక్షా ఎనిమిది వేలే కదా. అరుగుదల గురించి బెంగ అక్కర్లేదు. రబ్బరు, ప్లాస్టిక్, ఆయిళ్లు మాత్రం బండి కదలకపోయినా ముసలైపోతాయి. మీ డబ్బులు పోయేది అక్కడే.

ముందు వాటర్ పంపు చూడండి. పంపూ థర్మోస్టాటూ కలిపి ఒకే ప్లాస్టిక్ హౌసింగ్, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి పంపే గొట్టాలు) కింద దాక్కుని ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి హౌసింగ్ వంగి, సీలు దగ్గర సన్నగా కారుద్ది. నేల మీద చుక్క పడకపోవచ్చు. గేర్‌బాక్స్ మీదే ఎండిపోయి గులాబీ రంగు పొక్కు కడుతుంది, టార్చి వేస్తే కనిపిస్తుంది. కూలెంట్ డబ్బాలో మట్టం నెలనెలా కాస్త కాస్త దిగుతుంటే అనుమానం దీని మీదే. పాత పంపే ఉంటే, కొన్న వెంటనే దాని చిన్న పళ్ల బెల్టుతో సహా మార్పించేయండి. హైవే మీద ఇంజన్ వేడెక్కి హెడ్ వంగితే ఆ ఖర్చు ముందు ఇదెంత.

గేర్‌బాక్స్‌ది తడి క్లచ్, అంటే ఆయిల్లో మునిగి ఉండేది. 60,000కి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. ఇంకా 12,000 ఉంది కదా అనుకోకండి, అందులో ఉన్నది పదేళ్ల ఆయిల్. ఐదు లీటర్ల పైచిలుకు పడుతుంది. పని చెడేది మట్టం చూసే దగ్గర: ఇంజన్ రన్నింగ్‌లో ఉండాలి, గేర్‌బాక్స్ ఆయిల్ స్కానర్లో 35 నుంచి 45 డిగ్రీల మధ్య చూపించాలి. అప్పుడు డ్రెయిన్ ప్లగ్ లోపలి ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి చుక్కలుగా కారే మట్టానికి సరిచేయాలి. మన మే నెలలో బండి లిఫ్ట్ ఎక్కేసరికే 45 దాటిపోద్ది. రాత్రంతా షెడ్లోనే ఉంచి పొద్దున్నే మొదటి పనిగా చేయించండి.

వెనక చక్రాలకి శక్తి పంపే క్లచ్ హాల్డెక్స్, దానికి మూడేళ్లకోసారి ఆయిల్, లీటరు లోపే. చాలాచోట్ల ఆయిల్ ఒక్కటే మార్చి పంపించేస్తారు. పంపు విప్పి, దాని జల్లెడ కడగాలి. క్లచ్ పొడి జల్లెడకి పట్టేస్తే పంపు కాలిపోద్ది. డాష్‌బోర్డులో లైటు కూడా రాకుండా బండి ముందు చక్రాలతోనే తిరుగుతుంటుంది, ఓనరుకి తెలీదు.

ఇంజన్ ఆయిల్ 5.7 లీటర్లు, డబ్బా మీద ఫోక్స్‌వ్యాగన్ 502 00 గానీ 504 00 గానీ ఉండాలి. కిలోమీటర్లతో పనిలేదు, ఏడాదికోసారి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకి.

కళింగపట్నం_గాలి:
‘సులువుగా’ అన్న మాట ఒప్పుకోను గంటస్తంభం గారూ. వాల్వుల మీద మసి సంగతి వదిలేశారు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఒక్కటే ఉన్న ఇంజన్ అయితే పెట్రోలు నేరుగా సిలిండర్లో పడుతుంది, ఇన్‌టేక్ వాల్వుల్ని కడిగేదేదీ ఉండదు. పొద్దున స్టార్ట్ చేయగానే వణుకు, మిస్‌ఫైర్ (సిలిండర్లో పెట్రోలు సరిగా మండకపోవడం) కోడ్ వస్తే అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి. 80,000, లక్ష మధ్య మానిఫోల్డ్ విప్పి అక్రోటు పెంకుల పొడితో బ్లాస్టింగ్ చేయించాలి. ట్యాంకులో పోసే క్లీనర్ సీసాలు దీనికి దండగ, అవి వాల్వు దాకా వెళ్లనే వెళ్లవు.

టౌన్ నుంచి అరసవల్లికి వెళ్లొచ్చే తిరుగుడైతే ఆయిల్ పూర్తిగా వేడెక్కదు, అందులో చేరిన తేమ, పెట్రోలు ఆవిరైపోవు. వారానికోసారి హైవే ఎక్కి రణస్థలం దాకా పోనిచ్చి రండి. అది బ్యాటరీకీ మంచిదే.

ఉప్పుగాలికి ముందు పోయేది ఏసీ కండెన్సర్, ఆపైన ఎర్త్ వైర్లు బాడీకి బిగించే బోల్టులు. బీచికి వెళ్లొస్తే అడుగు భాగం మంచినీళ్లతో కడగండి. కండెన్సర్‌కి మామూలు పైపు చాలు, ప్రెషర్ గన్ పెడితే రెక్కలు మడతపడతాయి. షెడ్డు పక్కన పొలాలుంటే ఎలకల సంగతీ చూసుకోండి, వైరింగ్ కొరికితే వెతకడానికే రోజులు పట్టుద్ది.

పెట్రోలు ఇప్పుడు 20 శాతం ఇథనాల్‌ది. ఈ బండి 10 శాతానికి చేసింది. నెలల తరబడి ట్యాంకులో నిల్వ ఉంచకండి. ఇంధన గొట్టాలు ఏటా చూపించండి.

ఏపీ35_పెట్రోల్:
పార్టుల సంగతి ఎవరూ ఎత్తలేదు. టీటీ తయారీ 2023 నవంబరులో ఆగిపోయింది. ఇంజన్, గేర్‌బాక్స్‌కి భయం లేదు, 2017లో ఇక్కడ అమ్మిన ఆక్టేవియా ఆర్ఎస్‌లోనూ ఇదే కుటుంబం ఇంజన్, ఇలాంటి 6 స్పీడ్ డబ్బానే. చిక్కంతా టీటీకి మాత్రమే వచ్చేవాటితో: హెడ్‌లైట్లు, వెనక డిక్కీ అద్దం, బంపర్లు, డాష్‌బోర్డు డిస్‌ప్లే. ఇంకో పదేళ్లకి బండిని మూలన పెట్టించేవి ఇవే. కొనేటప్పుడు హెడ్‌లైట్లలో తేమ ఉందేమో చూడండి.

ఏడురోడ్ల_జంక్షన్:
చాలా థాంక్సండీ అందరికీ. టైర్లు 80 శాతం ఉన్నాయంటున్నాడు, నమ్మొచ్చా? తుఫాను నీళ్లు, ఆర్సీ సంగతేంటి?

గంటస్తంభం_విజయనగరం:
శాతం కాదు, తేదీ చూడండి. టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగంకెలు 2318 అని ఉంటే 2018లో 23వ వారం. ఆరేళ్లు దాటితే గాడి ఎంతున్నా మార్చేయడమే. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడల్. ముందూ వెనకా అరుగుదల తేడా ఉంటే హాల్డెక్స్ మీద భారం పడుద్ది.

ఆర్సీ రిజిస్ట్రేషన్ తేదీ నుంచి 15 ఏళ్లు, అంటే 2015లో అయ్యుంటే 2030 దాకా. తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేసి ఏళ్లకి పొడిగించుకోవాలి. ఇన్సూరెన్సులో ఇంజన్ ప్రొటెక్ట్ విడిగా తీసుకోవాలి, మామూలు పాలసీలో నీళ్లు పోయి ఇంజన్ పట్టేస్తే సాధారణంగా ఇవ్వరు. పదేళ్ల బండికి ఇస్తారో లేదో డబ్బు కట్టకముందే అడగండి. నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ కొట్టొద్దు. విశాఖ తీసుకెళ్లాల్సొస్తే ఫ్లాట్‌బెడ్ మీదే, క్వాట్రోని రెండు చక్రాలు లేపి లాగకూడదు.

చూడ్డానికి వెళ్లేముందు అమ్మేవాడికి ఫోన్ చేసి, బండి స్టార్ట్ చేయకుండా ఉంచమనండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేయండి. వేడిగా ఉంటే ఆ రోజుకి వచ్చేసి ఇంకో రోజు పొద్దున వెళ్లండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు సెకన్లలో గొలుసు గరగర వినిపిస్తే, టైమింగ్ చైన్, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ ఖర్చు ధరలోంచి తగ్గించి మాట్లాడండి.