న్యూ బీట్: 45 రికార్డును 33లో తిప్పితే పుట్టిన బెల్జియం సంగీతం రెండేళ్లకే ఎందుకు చల్లారింది?

సబ్‌వూఫర్_సత్తెనపల్లి:

1987-89 మధ్య బెల్జియం క్లబ్బులను ఊపేసిన న్యూ బీట్ గురించి తెలిసినవాళ్లు చెప్పండి. 45 ఆర్‌పీఎం (నిమిషానికి 45 చుట్లు) రికార్డును 33 స్పీడులో పెట్టి, టర్న్‌టేబుల్ పిచ్ స్లైడర్‌ను +8 శాతానికి లాగితే ఈ సౌండ్ పుట్టిందని ఎక్కడ చూసినా ఉంది. అసలు ఎంత స్లో అయినట్టు? అబ్లెటన్ మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో ఒక 125 బీపీఎం (నిమిషానికి 125 బీట్లు) ట్రాక్‌ను 100కి దించితే స్లో అయితే అవుతోంది గానీ ఆ బరువు రావట్లేదు, గొంతు కూడా మామూలుగానే వినిపిస్తోంది. ఎక్కడ తేడా కొడుతోంది?

ఇంకోటి, అంత ఊపు మీదున్నది 1989 దాటకుండానే ఎలా ఆగిపోయింది? "జనానికి బోర్ కొట్టింది" అనే జవాబు వద్దు ప్లీజ్.

పిచ్‌ఫేడర్:

లెక్క ముచ్చటగా ఉంటుంది. 33⅓కి 8 శాతం కలిపితే సరిగ్గా 36. ముప్పయ్యారును 45తో భాగిస్తే 0.8. అంటే పాట 20 శాతం స్లో అవుతుంది. మీ 125 బీపీఎం 100 అవుతుంది, 5 నిమిషాల పాట 6 నిమిషాల 15 సెకన్లకు సాగుతుంది, శ్రుతి 3.86 సెమిటోన్లు (అర మెట్లు) కిందికి దిగుతుంది. మీ దగ్గర లేనిది ఈ చివరిదే. అబ్లెటన్‌లో ఆడియోను సాగదీసే మామూలు వార్ప్ మోడ్‌లు టెంపోను మార్చి శ్రుతిని పట్టి ఉంచుతాయి. టర్న్‌టేబుల్ మీద రెండూ కలిసే దిగుతాయి.

క్లిప్‌లో వార్ప్ మోడ్‌ను రీ-పిచ్‌కి మార్చండి. క్లిప్ అసలు టెంపో 125 అని సరిగ్గా పడిందో లేదో చూసుకుని ప్రాజెక్ట్ టెంపో 100 పెట్టండి. లేదా వార్ప్ పూర్తిగా ఆపేసి ట్రాన్స్‌పోజ్ -4, డీట్యూన్ +14 సెంట్లు ఇచ్చినా అదే ఫలితం. అడాసిటీలో అయితే స్పీడ్, పిచ్ రెండూ కలిపి మార్చే ఎఫెక్ట్ తీసుకుని -20 శాతం ఇవ్వండి. పక్కనే ఉండే చేంజ్ టెంపో జోలికి వెళ్లొద్దు, అది శ్రుతిని కదలనివ్వదు. డీజే సాఫ్ట్‌వేర్ వాడుతుంటే కీ లాక్ (శ్రుతిని కదలనివ్వని బటన్) ఆఫ్‌లో ఉండాలి.

అలా దించాక రెండు చిక్కులు వస్తాయి. 15 కిలోహెర్ట్జ్ దగ్గర మెరిసే హైహ్యాట్ 12కి పడిపోయి మసకబారుతుంది. 8 కిలోహెర్ట్జ్ పైన హై షెల్ఫ్ (పై శ్రుతులను పెంచే ఈక్వలైజర్)తో 2 డీబీ లేపితే చాలు. అటు 55 హెర్ట్జ్ బేస్ 44కి దిగుతుంది. చిన్న స్పీకర్లలో అది మాయం, పెద్ద వాటిలో గదంతా గుయ్యిమంటుంది. 30 హెర్ట్జ్ కింద హై-పాస్ పెట్టి కోసేయండి.

క్రేట్‌డిగ్గర్:

చరిత్ర భాగం నేను అందుకుంటా. కాస్త పొడుగు.

రికార్డును స్లో చేసి ఆడటం బెల్జియంలో 1987లో కొత్తగా కనిపెట్టింది కాదు. 1970ల్లో అక్కడ పాప్‌కార్న్ అనే సీన్ ఉండేది. వ్రాసెనే ఊళ్లోని క్లబ్ పేరే దానికొచ్చింది. పాత అమెరికన్ సోల్ 45లను, జంటలు నెమ్మదిగా అడుగులేసే డ్యాన్సుకు సరిపోయేలా స్పీడ్ తగ్గించి వేసేవారు. చెవులు అప్పటికే అలవాటు పడి ఉన్నాయి. దాని మీదికి 1980ల్లో ఫ్రంట్ 242 లాంటి బ్యాండ్ల ఎలక్ట్రానిక్ బాడీ మ్యూజిక్ వచ్చింది: బిగుతైన సీక్వెన్సర్ బేస్, మిలిటరీ డ్రమ్స్, అరుపులు. ఈ రెండూ కలిసిన చోటే న్యూ బీట్. "ఎ స్ప్లిట్-సెకండ్" అనే బ్యాండు 1986లో తెచ్చిన "ఫ్లెష్" రికార్డును ఆంట్వెర్ప్‌లోని ఆన్సియెన్ బెల్జిక్ క్లబ్‌లో 33 మీద +8తో వేశారన్నది అందరూ చెప్పే కథ. వేసింది డీజే డిక్కే రోనీ అని ఎక్కువమంది రాస్తారు, మార్క్ గ్రౌల్స్ అనేవాళ్లూ ఉన్నారు. ఆ పంచాయితీ మనకొద్దు.

తర్వాత గెంట్ పక్కన డెస్టెల్‌బెర్గెన్‌లోని బొకాచియో క్లబ్ దీనికి గుడిలా మారింది, ఆదివారం రాత్రులు ముఖ్యంగా. పాత రికార్డులను స్లో చేయడం పోయి, నేరుగా అదే టెంపోలో కొత్త ట్రాకులు చేయడం మొదలైంది. 1988లో ఇది శిఖరానికి చేరింది. ఎరోటిక్ డిసిడెంట్స్, లార్డ్స్ ఆఫ్ ఆసిడ్, కాన్ఫెట్టీస్ అన్నీ ఆ ఏడాదివే.

పతనం ఎందుకంటే, నా లెక్కలో మొదటి కారణం ఫ్యాక్టరీ పద్ధతి. మోర్టన్ షెర్మన్ బెలూచీ అని ముగ్గురి టీమ్ ఉండేది: రోలాండ్ బీలెన్, యో కాస్టర్స్, హెర్మన్ గిల్లిస్. ట్రాక్‌కో కొత్త బ్యాండ్ పేరు పెట్టి వదిలేవారు. వీళ్లే కాదు, ఆ రోజుల్లో సీనంతా ఇదే తీరు. షాపులో అరల నిండా వేర్వేరు పేర్లు, తీసి వింటే అదే కిక్, అదే ఆర్కెస్ట్రా దెబ్బ. (ఆ గిల్లిసే తర్వాత షెర్మన్ ఫిల్టర్‌బ్యాంక్ అనే ఫిల్టర్ ఎఫెక్ట్ పెట్టె తయారుచేశాడు. ఆ పెట్టె న్యూ బీట్ కన్నా ఎక్కువ కాలం బతికింది.)

రెండోది టీవీ మోజు. కాన్ఫెట్టీస్ అసలు ఆంట్వెర్ప్ దగ్గర బ్రాస్కాట్‌లో ఉన్న ఒక డిస్కో పేరు. "ది సౌండ్ ఆఫ్ సి"లో ముందు నిలబడి ఆడింది ఆ క్లబ్‌లో పనిచేసే కుర్రాడు, ట్రాక్ కట్టింది స్టూడియోలో వేరేవాళ్లు. అది హిట్టయ్యాక చీకటి క్లబ్బు సంగీతం కాస్తా పిల్లల కార్యక్రమాల్లోకి సరిపోయే వేషంగా మారిపోయింది. బొకాచియో జనం అక్కడే మొహం తిప్పుకున్నారు.

మూడోది ఎవరూ పెద్దగా రాయరు గానీ, టెక్నిక్స్ 1200 టర్న్‌టేబుల్ మీద మిక్సింగ్ చేసేవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. పిచ్ రేంజ్ ±8 శాతమే. 105 బీపీఎం న్యూ బీట్ ట్రాక్‌ను చివరిదాకా లాగినా 113.4. అప్పుడే వచ్చిపడుతున్న షికాగో హౌస్, డిట్రాయిట్ టెక్నో రికార్డులు 122-125. వాటిలో 125ను అట్టడుగుకు దించినా 115. రెండూ కలవవు! 122 అయితే 112 దాకా దిగి బొటాబొటీగా కలుస్తుంది, కానీ ఒకటి ఉడుతలా, ఇంకోటి తాగినవాడిలా వినిపిస్తుంది. రాత్రంతా ఆగకుండా మిక్స్ చేసే పద్ధతి వచ్చాక డీజే ఏదో ఒక టెంపో ఎంచుకోవాలి. హౌస్ రికార్డులు ప్రపంచమంతటి నుంచీ వస్తున్నాయి, న్యూ బీట్ ఒక్క బెల్జియం నుంచే. ఎటు మొగ్గుతారో చెప్పక్కర్లేదు.

చేసేవాళ్లూ అలాగే మళ్లారు. నక్స్ నీమో పేరుతో న్యూ బీట్ చేసిన యో బోగార్ట్, 1989లో టెక్నోట్రానిక్‌గా "పంప్ అప్ ద జామ్" చేసి అమెరికా, బ్రిటన్ చార్టుల్లో రెండో స్థానానికి చేరాడు. టెంపో చూడండి, 125 దగ్గర. గెంట్‌లోని ఆర్ అండ్ ఎస్ లేబుల్ 1990లో జోయీ బెల్ట్రామ్ "ఎనర్జీ ఫ్లాష్"తో టెక్నోలోకి పూర్తిగా దిగింది.

303_రాణి:

చరిత్ర బాగా చెప్పారు. అడిగినాయన అసలు బాధ "బరువు రావట్లేదు" కదా, కొత్తగా ట్రాక్ కట్టే పద్ధతి రాస్తున్నా. 105 బీపీఎం పెట్టుకోండి. ఒక బీట్ 571 మిల్లీసెకన్లు, పదహారో నోటు 143. ఈ రెండు అంకెలు గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

కిక్: 909 డ్రమ్ మెషిన్‌ది, ప్రతి బీట్ మీదా, అంటే నాలుగు బీట్ల బార్‌ను 16 స్టెప్పులు చేస్తే వాటిలో 1, 5, 9, 13. డికే (శబ్దం తగ్గిపోయే సమయం) 250 మిల్లీసెకన్లు దాటనివ్వొద్దు. క్లాప్ 5, 13 మీద. దానికి 1.5 సెకన్ల రివర్బ్ ఇచ్చి, గేట్ (శబ్దాన్ని కోసే ఎఫెక్ట్)తో 286 మిల్లీసెకన్ల దగ్గర కత్తిరించండి. రెండు పదహారో నోట్లు పూర్తయ్యేసరికి తోక ఠక్కున తెగిపోవాలి. ఓపెన్ హ్యాట్ 3, 7, 11, 15. స్వింగ్ (కొన్ని నోట్లను కాస్త ఆలస్యం చేయడం) సున్నా. ఇక్కడ స్వింగ్ ఇస్తే హౌస్ వాసన వచ్చేస్తుంది.

బేస్ దగ్గరే ఎక్కువమంది పాడుచేస్తారు. సా వేవ్ ఒకటి, 24 డీబీ లో-పాస్ ఫిల్టర్, కటాఫ్ 400 హెర్ట్జ్ చుట్టుపక్కల, సస్టెయిన్ సున్నా, డికే 120 మిల్లీసెకన్లు. నోటు "ఎ" (A), 55 హెర్ట్జ్. పదహారు స్టెప్పుల్లోనూ వేసి, కిక్ పడే నాలుగింటినీ తీసేయండి. బార్‌కు 12 నోట్లు మిగులుతాయి, గుర్రం పరుగు లాంటి నడక దానంతటదే వస్తుంది. 7, 15 స్టెప్పుల్లో ఒక ఆక్టేవ్ పైకి. రెండో బార్ చివరి రెండు నోట్లు అర మెట్టు పైకి, అంటే బి ఫ్లాట్. ఆ గగుర్పాటంతా ఆ అర మెట్టులోనే ఉంది. సైడ్‌చెయిన్ (కిక్ పడ్డప్పుడల్లా బేస్‌ను తగ్గించడం) పెట్టొద్దు. పెడితే 2000ల తర్వాతి పంపింగ్ వచ్చి, 1988 కాస్తా పోతుంది.

స్టాబ్ (ఒక్క దెబ్బలా పడే పొట్టి సౌండ్)కి ఆర్కెస్ట్రా హిట్ గానీ కోయిర్ గానీ తీసుకుని 5-7 సెమిటోన్లు దించి వాయించండి. సౌండ్‌ను రికార్డ్ చేసి వాయించే అప్పటి శాంప్లర్లలో అకాయ్ ఎస్900ది 12 బిట్ సౌండ్, పూర్తి క్వాలిటీలో పట్టేది దాదాపు 12 సెకన్లే. జాగా కోసం శాంప్లింగ్ రేటు తగ్గించక తప్పేది కాదు, ఆ గరుకు అందులోంచి వచ్చింది. బిట్‌క్రషర్‌లో 12 బిట్, 20 కిలోహెర్ట్జ్ పెడితే దగ్గరకొస్తుంది. స్టాబ్‌కే పెట్టండి, మొత్తం మిక్స్‌కి వద్దు.

ఇక అసలు జబ్బు. 125లో పదహారో నోటు 120 మిల్లీసెకన్లే. 105కి రాగానే మధ్యలో ఖాళీ కనిపిస్తుంది, చేయి ఆగదు, షేకర్లు, పర్కషన్, ప్యాడ్లు తెచ్చి నింపేస్తారు. ఆ ఖాళీయే బరువు. ఒకేసారి అయిదు సౌండ్ల కంటే ఎక్కువ మోగుతుంటే తీసేయడం మొదలుపెట్టండి.

ఇయర్త్‌లూప్:

పిచ్‌ఫేడర్ గారి లెక్కకు చిన్న సవరణ. 45లో తిప్పి డిజిటల్‌గా రికార్డ్ చేసుకుని కంప్యూటర్‌లో 0.8కి దించడం, నిజంగా 36లో తిప్పి వినడం పూర్తిగా ఒకటి కాదు. ఫోనో ప్రీయాంప్‌లో, రికార్డు కోసేటప్పుడు తగ్గించిన బేస్‌ను, పెంచిన ట్రెబుల్‌ను సరిచేసే ఆర్ఐఏఏ ఈక్వలైజేషన్ రికార్డు స్పీడును పట్టించుకోదు, తన ఫ్రీక్వెన్సీల దగ్గరే ఉంటుంది. రికార్డు నెమ్మదించి శ్రుతులన్నీ కిందికి జరిగినప్పుడు ఆ వంపు వేరే చోట తగులుతుంది. దాంతో మధ్య శ్రుతులు కాస్త వెనక్కి పోయి, బేస్, ట్రెబుల్ ముందుకొచ్చినట్టు ఉంటుంది. తేడా 2 డీబీ లోపే. 1 కిలోహెర్ట్జ్ దగ్గర వెడల్పాటి కట్ ఒక డీబీ ఇచ్చి చూడండి.

ఇంకో విషయం: 125 బీపీఎం 45 రికార్డును 1200 మీద 85-100 మధ్యకు గానీ 115-135 మధ్యకు గానీ తేగలరు. నడుమ 100-115 ఆ డెక్ మీద దొరకదు. అందుకే ఆ టెంపో కావాలంటే ట్రాకులు కొత్తగా చేయక తప్పలేదు.

సబ్‌వూఫర్_సత్తెనపల్లి:

రీ-పిచ్‌తో గొంతు సమస్య పోయింది, థాంక్స్ అండీ. రాణి గారూ, నేరుగా 105లో కట్టడం మేలా, పైన ఎక్కడో కట్టి స్లో చేయడం మేలా? అలాగే మూంబాటన్ కూడా ఇదే ట్రిక్ కదా?

303_రాణి:

డ్రమ్స్, బేస్ నేరుగా 105లోనే కట్టండి. గొంతు, స్టాబ్ మాత్రం 131.25లో రికార్డ్ చేసి 0.8కి దించండి, సరిగ్గా 105కి వచ్చి కూర్చుంటాయి. అన్నీ కలిపి దించితే కిక్ తోక కూడా పావు వంతు సాగి బేస్ మీద పడుతుంది. అప్పుడు కట్టేటప్పుడే డికే 200కి తగ్గించుకోవాలి, దించాక 250 అవుతుంది. గొంతు రికార్డ్ చేసేటప్పుడు పదాలు మామూలు కన్నా విడివిడిగా, హల్లులు గట్టిగా పలికించండి. మన ఒత్తులు స్లో అయితే ముద్దగా వినిపిస్తాయి.

క్రేట్‌డిగ్గర్:

మూంబాటన్‌ది అదే కుటుంబం, పద్ధతి వేరు. 2009లో వాషింగ్టన్ దగ్గర ఒక పార్టీలో డీజే డేవ్ నాడా, రెగెటాన్ (లాటిన్ డ్యాన్స్ సంగీతం) వినే కుర్రకారు కోసం "మూంబా" పాటకు అఫ్రోజాక్ చేసిన రీమిక్స్‌ను 108కి దించి వేశాడు. అసలు 128. అంటే 15.6 శాతం తగ్గింపు. 1200 మీద 33, 45 బటన్లతో ఎంత తంటాలు పడ్డా ఆ అంకె రాదు. సీడీజే (డీజేల సీడీ ప్లేయర్)లో ±16 రేంజ్ పెడితే కింది అంచు 107.5, చివర్లో సరిపోతుంది.

నడక కూడా వేరు. న్యూ బీట్‌లో క్లాప్ 5, 13 మీదే. మూంబాటన్‌లో డెంబో (రెగెటాన్ లయ): కిక్ మామూలుగా 1, 5, 9, 13, స్నేర్ 4, 7, 12, 15. మీ ప్రాజెక్టులో ఆ స్నేర్ ఒక్కటి మార్చి, 108కి పెంచి వినండి, తేడా తెలిసిపోతుంది. కాకపోతే బేస్‌లోని పదహారో నోట్ల వరస తీసేయాలి, లేదంటే స్నేర్‌తో కొట్లాడుతుంది.