స్కూల్ దగ్గర హ్యాండీక్యాప్ పార్కింగ్ స్పాట్‌లో రోజూ ఎవరో ఒకరు బండి ఆపేస్తున్నారు, ఏం చేయాలి?

కొల్లేటి_కొంగ:
మేం ఉండేది డాలస్ దగ్గర. మా అబ్బాయి థర్డ్ గ్రేడ్, పవర్ వీల్‌చైర్ వాడతాడు. మా వ్యాన్‌కి కుడి పక్క నుంచి ర్యాంప్ దిగుతుంది, అది దిగాక కుర్చీ తిప్పుకోవడానికి ఇంకొంచెం చోటు కావాలి, స్పాట్ పక్కన గీతలు గీసి వదిలేది అందుకే. పొద్దున్నే వెళ్ళేసరికి సరిగ్గా ఆ గీతల మీద ఎవరిదో ఎస్‌యూవీ ఉంటుంది. లోపల ఆవిడ ఫోన్ చూసుకుంటూ కూర్చుంటుంది, వెళ్ళి అడిగితే "రెండు నిమిషాలండీ, పాప దిగగానే వెళ్ళిపోతా" అంటుంది. ఇక చేసేది లేక డ్రాప్-ఆఫ్ లైన్‌లోనే వ్యాన్ ఆపి ర్యాంప్ వేస్తే వెనక నుంచి హారన్లు. అందరూ చూస్తున్నారని వాడు తల దించేసుకుంటాడు. వీళ్ళలో మన తెలుగువాళ్ళు కూడా ఉన్నారు, ఎదురుపడితే బాగా పలకరిస్తారు, బండి మాత్రం తీయరు. ఆఫీసులో చెప్తే న్యూస్‌లెటర్‌లో వేశారు, దాన్ని చదివేదెవరు? పోలీసులకి చెప్దామంటే రోజూ అవే మొహాలు చూడాలి కదా అని టెన్షన్.

ప్లేనో_పెద్దన్న:
అమ్మా, ముందు ఒక విషయం తెలుసుకో. ఆ గీతల చోటు కూడా స్పాట్‌లో భాగమే. టెక్సాస్ చట్టంలో యాక్సెస్ ఐల్‌కి (ఆ గీతల చోటు పేరు అదే), ర్యాంప్‌కి అడ్డం పెట్టడం విడిగా నేరం, మొదటిసారికే 500 నుంచి 750 డాలర్ల ఫైన్. డ్రైవర్ లోపలే ఉన్నా, ఇంజన్ ఆన్‌లో ఉన్నా తేడా లేదు. వ్యాన్ స్పాట్ అయితే ఏడీఏ, అంటే అమెరికా దివ్యాంగుల చట్టం లెక్క ప్రకారం 8 అడుగుల ఐల్ ఉండాలి, లేదా స్పాటే 11 అడుగులుండి ఐల్ 5 అడుగులుండాలి. ఒకసారి టేపు పెట్టి కొలువు, చాలా స్కూళ్ళలో పెయింట్ వెలిసిపోయి జనానికి అది మామూలు ఖాళీలా కనిపిస్తుంది. 911 కాదు, పోలీసుల నాన్-ఎమర్జెన్సీ నంబర్‌కి చెయ్యి. స్కూల్లోనే రిసోర్స్ ఆఫీసర్ (స్కూల్‌కి వేసిన పోలీసు) ఉంటే ఇంకా మంచిది, ఆయన ఒక వారం పొద్దున్నే అక్కడ నిలబడితే సగం తగ్గిపోతుంది.

మిర్చి_బజ్జీ:
ఇన్ని రూల్స్ ఎందుకండీ, నంబర్ ప్లేట్ కనిపించేలా ఫోటో తీసి పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పడేయండి. మనవాళ్ళు 750 డాలర్లకి భయపడరేమో గానీ పరువు పోతుందంటే మర్నాడే దారికొస్తారు.

ఆస్టిన్_ఎయిడ్:
దయచేసి ఆ పని చేయకండి. నేను స్పెషల్ ఎడ్ క్లాస్‌లో (ప్రత్యేక అవసరాలున్న పిల్లల క్లాస్) టీచర్‌కి సాయంగా, ఎయిడ్‌గా పనిచేస్తున్నాను. మా దగ్గర ఒకాయన దర్జాగా నడిచి వస్తున్నాడని ఇలాగే గ్రూపులో పెట్టారు, తీరా చూస్తే ఆయనకి ఊపిరితిత్తుల జబ్బు, పార్కింగ్ లాట్ చివరి నుంచి నడిస్తే ఆయాసంతో కూలబడతాడు. కాళ్ళు కాదు, ప్లకార్డ్ (కారు అద్దానికి వేలాడదీసే దివ్యాంగుల పార్కింగ్ కార్డు) ఉందో లేదో చూడాలి. కానీ గీతల మీద పెడితే ప్లకార్డ్ ఉన్నా తప్పే, అక్కడ ఎవరికీ మినహాయింపు లేదు.

కొంగ గారూ, ఫ్రంట్ డెస్క్‌లో నోటిమాటగా చెప్తే పని జరగదు. ప్రిన్సిపల్‌కి ఈమెయిల్ పెట్టి, స్కూల్ డిస్ట్రిక్ట్ ఏడీఏ కోఆర్డినేటర్‌కి కాపీ పెట్టండి. యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఆ పోస్టు, ఫిర్యాదు తీసుకునే పద్ధతి ఉండి తీరాలి. తేదీ, టైమ్ రాయండి, "మా అబ్బాయి స్కూల్లోకి వెళ్ళలేకపోతున్నాడు" అని రాయండి. పార్కింగ్ గొడవ అని రాస్తే పక్కన పెట్టేస్తారు, పిల్లాడికి దారి లేదంటే వాళ్ళే కదులుతారు. ఇంకోటి, తర్వాతి ఏఆర్‌డీ మీటింగ్‌లో (పిల్లాడికి కావలసిన ఏర్పాట్లు స్కూలు, తల్లిదండ్రులు కలిసి తేల్చే మీటింగ్) పొద్దున దిగే ఏర్పాటు కూడా కాగితం మీద పెట్టించండి. ఒక స్టాఫ్ మెంబర్ గీతల చోట కోన్ పెట్టి, మీ వ్యాన్ రాగానే తీస్తారు. మా స్కూల్లో పనికొచ్చింది ఇదే.

మిర్చి_బజ్జీ:
సరేనండీ, ఫోటో మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ప్లకార్డ్ ఉంటే చాలంటే ఎలా? మా వీధిలో ఒకాయన కారుకి ఇంకా అత్తగారి ప్లకార్డే వేలాడుతోంది, ఆవిడేమో గుంటూరులో ఆవకాయ పెట్టుకుంటోంది 😀

ప్లేనో_పెద్దన్న:
అదీ నేరమే బాబూ. ప్లకార్డ్ మనిషికి ఇస్తారు, బండికి కాదు, ఆ మనిషి ప్రయాణంలో లేకుండా వాడకూడదు. తాత్కాలికంగా ఇచ్చే ఎరుపుది ఆరు నెలలకే చెల్లిపోతుంది, శాశ్వత వైకల్యానికిచ్చే నీలంది నాలుగేళ్ళు. గడువు దాని మీదే ఉంటుంది.

కూకట్‌పల్లి_కుర్రాడు:
మీకు ఫైన్ వేసేవాళ్ళయినా ఉన్నారు. ఇక్కడ మా అక్క కూతురి స్కూల్లో వీల్‌చైర్ బొమ్మ వేసిన చోట కరస్పాండెంట్ గారి కారు ఉంటుంది, వాచ్‌మన్ ఏమంటాడు పాపం. చట్టం మనకీ ఉంది, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, పార్కింగ్ 3.6 మీటర్ల వెడల్పు ఉండాలని ప్రమాణాలూ ఉన్నాయి. రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు ఇవ్వచ్చు. అక్క రాస్తానంటోంది, బావ మాత్రం పాప టెన్త్ అయ్యాక చూద్దాం అంటున్నాడు.

కొల్లేటి_కొంగ:
అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం కొలిచాను, ఐల్ 5 అడుగులే ఉంది, స్పాట్ తొమ్మిదికి కూడా లేదు, బోర్డు మీద మాత్రం వ్యాన్ యాక్సెసిబుల్ అనే ఉంది. ఈమెయిల్‌లో కొలతల ఫోటోలు కూడా పెడుతున్నాను. ఆస్టిన్ గారూ, ఏఆర్‌డీ ఏప్రిల్‌లో గానీ లేదు, ఈలోపే పెట్టమని అడగచ్చా?

ఆస్టిన్_ఎయిడ్:
అడగచ్చు, పేరెంట్‌గా మీరు ఎప్పుడైనా అడగచ్చు. అదే ఈమెయిల్‌లో ఆ ఒక్క లైన్ కూడా కలిపేయండి.